ముద్రల లెక్కతో నిష్పాక్షికత తేలదు

సంపాదకుల వారికి,
నమస్కారం.

మీ పాఠకుల లేఖల శీర్షికలో, నాయకుల మాటలు, వైరల్‌ పోస్టులు నిజమో కాదో సరిచూసే ఫ్యాక్ట్‌ చెక్‌ సంస్థల గురించి కొద్ది రోజులుగా సాగుతున్న చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. ఒక సంస్థ తప్పుపట్టిన వాటిలో ఎక్కువ భాగం ఒకే పార్టీ నాయకుల మాటలే కాబట్టి అది ఎదుటి పార్టీకి కొమ్ముకాస్తోందని ఒక పాఠకుడు రాశారు. ఆ సంస్థకు అంతర్జాతీయ గుర్తింపు ఉంది కాబట్టి దాన్ని శంకించాల్సిన పనే లేదని మరొకరు బదులిచ్చారు. ఈ రెండు వాదనలతోనూ నేను ఏకీభవించలేకపోతున్నాను. మొదటివారు “నిజం”, “తప్పు” అంటూ ఆ సంస్థ వేసిన ముద్రలు లెక్కపెట్టి పక్షపాతం తేల్చేశారు. రెండోవారు ధ్రువపత్రం చూసి నమ్మేశారు. ఆ సంస్థ రాసిన కథనం ఒక్కటైనా తీసుకుని, అందులో చూపిన ఆధారాలు పట్టుకుని వెళ్తే మనం కూడా అదే నిర్ధారణకు రాగలమా అని ఇద్దరిలో ఎవరూ పరిశీలించినట్టు లేదు. నా దృష్టిలో అసలు పరీక్ష అదే. చాలాకాలం డిగ్రీ విద్యార్థులకు గణాంకశాస్త్రం బోధించినవాణ్ని కనుక, అంకెలతో అవి చెప్పగలిగిన దానికంటే ఎక్కువ చెప్పించడం చూసి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. నిడివి ఎక్కువైతే మన్నించగలరు.

ఈ చర్చ పత్రికా కార్యాలయాలకే పరిమితమైనది కాదని ముందుగా చెప్పాలి. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో వచ్చిన సందేశాలు మన రెండు రాష్ట్రాలతో సహా దేశంలో పలుచోట్ల అమాయకుల మీద దాడులకు, కొన్నిచోట్ల ప్రాణనష్టానికి కారణమయ్యాయి. అప్పుడు చేతులు మారిన వీడియోల్లో ఒకదాన్ని చాలామంది చూసే ఉంటారు. వీధిలో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు, మోటారు సైకిల్‌ మీద ఇద్దరు వస్తారు, వారిలో ఒకడు ఒక పిల్లవాణ్ని లాక్కుంటాడు, బండి వెళ్లిపోతుంది. సీసీ కెమెరాలో పడిన దృశ్యంలా కనిపించే ఆ వీడియో మన దేశానిదే కాదు. పాకిస్తాన్‌లోని కరాచీలో రోష్నీ హెల్ప్‌లైన్‌ అనే స్వచ్ఛంద సంస్థ, తప్పిపోయిన పిల్లల విషయంలో తల్లిదండ్రులను హెచ్చరించడానికి 2016లో తీయించిన ప్రచార చిత్రం అది. అసలు చిత్రంలో ఆ ఇద్దరూ వెనక్కి తిరిగి వచ్చి పిల్లవాణ్ని దించి, హెచ్చరిక రాసిన అట్టను కెమెరాకు చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించి, మిగిలినదాన్ని మన ఊళ్లలో జరిగిన ఘోరంగా పంచిపెట్టారు. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసు సిబ్బందిని పంపి, పాటల రూపంలో కూడా ఈ పుకార్ల సంగతి జనానికి వివరించే ప్రయత్నం చేశారు.

ఈ ఉదాహరణను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. కత్తిరించిన వీడియోనూ పూర్తి చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూపించిన కథనాన్ని నమ్మడానికి, అది రాసినవారు ఏ పార్టీ వారో, వారికి జీతం ఎవరిస్తున్నారో తెలుసుకోనక్కర్లేదు. పాఠకుడే రెండూ చూసి తేల్చుకోగలడు. మంచి ఫ్యాక్ట్‌ చెక్‌ కథనానికి నేను చూసే మొదటి లక్షణం ఇదే. వైరల్‌ అయిన పోస్టు తర్వాత తొలగించినా కనబడేలా దాని ఆర్కైవ్‌ లింకు ఇవ్వాలి. వీడియోలోని ఏ ఫ్రేముతో రివర్స్‌ ఇమేజ్‌ సెర్చ్‌ చేశారో, అంటే ఏ చిత్రాన్ని ఇచ్చి అది ఇంటర్నెట్‌లో ముందు ఎక్కడ వచ్చిందో వెతికారో చూపాలి. అసలు వీడియో ఏ తేదీన, ఎవరి ఖాతాలో మొదట వచ్చిందో చెప్పాలి. దుకాణం బోర్డు మీద ఏ లిపి ఉందో, వాహనం నంబరు ప్లేటు ఏ రాష్ట్రానిదో చూసి స్థలాన్ని గుర్తించి ఉంటే, ఆ గుర్తింపు ఎలా జరిగిందో రాయాలి. ఎవరినైనా ఫోన్‌లో సంప్రదిస్తే వారి హోదా, వీలైతే పేరు ఇవ్వాలి. “మా పరిశీలనలో ఇది అబద్ధమని తేలింది” అని మాత్రం రాసి, ఏ పరిశీలన చేశారో చెప్పని కథనం ఎంత పెద్ద సంస్థది అయినా సరే, అది ఒక అభిప్రాయం కంటే మించిన విలువ కలది కాదు.

ఇక లెక్కల సంగతికి వస్తాను. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. అది సరైన మాటే, ఎందుకంటే కుండలోని మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడికాయి. చేతికి అందినది ఏదైనా మిగతావాటికి సాక్ష్యం చెబుతుంది. ఫ్యాక్ట్‌ చెక్‌ సంస్థ పరిశీలనకు తీసుకునే వ్యాఖ్యలు అలా యాదృచ్ఛికంగా చేతికి అందినవి కావు. అనుమానం కలిగించినవి, ఎక్కువమంది పంచుకున్నవి, పాఠకులు వాట్సాప్‌ నంబరుకు పంపి అడిగినవి, సరిచూడటానికి ఆధారాలు దొరికే అవకాశం ఉన్నవి మాత్రమే అక్కడికి చేరతాయి. అందువల్ల ఒక పార్టీ మీద పడిన “తప్పు” ముద్రల శాతాన్ని చూసి ఆ పార్టీ ఎంత అబద్ధమాడుతోందో చెప్పలేం, సంస్థ ఎంత పక్షపాతం చూపుతోందో కూడా చెప్పలేం. అధికారంలో ఉన్నవారు ఎక్కువ మాట్లాడతారు, వారి మాటలకు ఎక్కువ ప్రచారం దొరుకుతుంది, కనుక వారి వ్యాఖ్యలే ఎక్కువగా పరిశీలనకు రావడం సహజం. దీనికి తోడు ఫేస్‌బుక్‌ యజమాని మెటా సంస్థ నడిపే కార్యక్రమంలో, రాజకీయ నాయకులు తమ పేరుతో స్వయంగా పెట్టే పోస్టులు ఫ్యాక్ట్‌ చెక్‌ పరిధిలోకి రావు. ఆ కార్యక్రమం కింద పనిచేసే సంస్థ జాబితాలో నాయకుల కంటే అనామక ఖాతాలు ఎక్కువగా కనిపిస్తే దానికి ఈ నిబంధన కూడా కారణం కావచ్చు. ఇవేవీ తెలుసుకోకుండా శాతాలు కట్టడం శాస్త్రీయం అనిపించుకోదు.

అలాగని పక్షపాతం ఉండదని నేను అనడం లేదు. అది ఎక్కడ దాగి ఉంటుందో వెతకాలంటున్నాను. ఈ విషయంలో అమెరికాలో జరిగిన రెండు అధ్యయనాలు ఉపయోగపడతాయి. 2018లో ఛ్లోయీ లిమ్‌ అనే పరిశోధకురాలు పొలిటీఫ్యాక్ట్‌ అనే అమెరికా ఫ్యాక్ట్‌ చెక్‌ సంస్థను, వాషింగ్టన్‌ పోస్ట్‌ పత్రిక ఫ్యాక్ట్‌ చెకర్‌ శీర్షికను పోల్చి చూశారు. రెండూ పరిశీలించిన వ్యాఖ్యల్లో ఉమ్మడిగా ఉన్నవి సుమారు పదింట ఒకటి మాత్రమే. స్పష్టమైన అబద్ధాల మీద, స్పష్టమైన నిజాల మీద రెండింటి తీర్పులూ చాలావరకు కలిశాయి. నడిమధ్య ఉన్న “సగం నిజం” వంటి ముద్రల దగ్గర అంతగా కలవలేదు. 2023లో పెన్‌ స్టేట్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్నోప్స్‌ అనే మరో ఫ్యాక్ట్‌ చెక్‌ సంస్థ, పొలిటీఫ్యాక్ట్‌ రెండూ పరిశీలించిన ఒకే రకం వ్యాఖ్యలను 749 గుర్తించారు. పైకి చూస్తే వాటిలో 228 చోట్ల ముద్రలు వేరుగా ఉన్నాయి. కానీ ఒకరి కొలబద్దలో ఉన్న మెట్లు మరొకరి కొలబద్దలో లేకపోవడం వంటి చిన్న తేడాలను సర్దుబాటు చేశాక, నిజంగా పరస్పర విరుద్ధమైన తీర్పు ఒక్కటే మిగిలింది.

ఈ రెండు అధ్యయనాలనూ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఏమిటంటే, సరిచూడదగిన విషయాన్ని నిజాయితీగా సరిచూసినప్పుడు వేర్వేరు సంస్థలు దాదాపు ఒకే చోటికి చేరుతున్నాయి. తేడా అంతా దేన్ని పరిశీలనకు తీసుకున్నారన్న దగ్గర, నడిమి ముద్రల దగ్గర వస్తోంది. కాబట్టి నిష్పాక్షికతను కొలవదలచినవారు తీర్పుల కంటే ముందు ఎంపికను చూడాలి. పాఠకుల నుంచి వచ్చిన వినతుల్లో వేటిని తీసుకున్నారు, వేటిని పక్కన పెట్టారు, ఏ కారణంతో పక్కన పెట్టారు అన్న వివరాలను సంస్థ బయటపెడుతోందా అని అడగాలి. వదిలేసినవాటి జాబితా కనబడనంత కాలం, తీసుకున్నవాటి లెక్క ఎంత జాగ్రత్తగా కట్టినా అది సగం లెక్కే.

ఎంపికలో ఇంకో సూక్ష్మం ఉంది. ఇది అంకెల్లో పట్టుబడదు. వరదల సమయంలో ఒక ఊరివారు తమకు సాయం అందలేదని చెప్పుకుంటూ పోస్టు పెట్టారనుకుందాం; దానికి ఎవరో వేరే రాష్ట్రంలోని పాత వరద ఫొటోను జతచేశారనుకుందాం. ఫొటో పాతదని చెప్పడం సరైన పని, అవసరమైన పని. కానీ ఆ కథనానికి “సాయం అందలేదన్న ప్రచారం తప్పు” అని శీర్షిక పెడితే, ఫొటో గురించి చేసిన నిర్ధారణ ఆ ఊరివారి ఫిర్యాదు మీదికి పాకిపోతుంది. సాయం అందిందో లేదో ఆ సంస్థ పరిశీలించనే లేదు. శీర్షిక మాత్రం చదివి ముందుకు పంపేవారికి అది ప్రభుత్వానికి ఇచ్చిన నిర్దోషి పత్రంలా కనిపిస్తుంది. ఇదే పద్ధతి తిరగబడి ప్రభుత్వానికి వ్యతిరేకంగానూ పనిచేయగలదు. అందుకే ఏ సంస్థనైనా చదివేటప్పుడు, వారు పరిశీలించిన వాక్యం, జనం అసలు అంటున్న వాక్యం ఒకటేనా అని పోల్చి చూడటం అలవాటు చేసుకోవాలని నా విద్యార్థులకు చెబుతుండేవాణ్ని.

భవిష్యత్తుకు సంబంధించిన మాటలకు ముద్ర వేసేటప్పుడు మరింత పెద్ద చిక్కు వస్తుంది. “మీకు నచ్చిన ఆరోగ్య బీమా పథకాన్ని మీరు అలాగే ఉంచుకోవచ్చు” అని బరాక్‌ ఒబామా ఇచ్చిన హామీ చరిత్రే దీనికి తగిన ఉదాహరణ. పొలిటీఫ్యాక్ట్‌ ఆ మాటకు 2008లో “నిజం” అని ముద్ర వేసింది. 2009లో, మళ్లీ 2012లో “సగం నిజం” అంది. 2013 చివర్లో, ఒబామా తెచ్చిన కొత్త ఆరోగ్య బీమా చట్టం ప్రమాణాలకు సరిపోని పాలసీలు రద్దవుతున్నట్టు లక్షలాది మందికి నోటీసులు అందాక, అదే హామీని ఆ సంవత్సరపు అతిపెద్ద అబద్ధంగా ప్రకటించింది. ఎన్నికల ముందు ఒబామాకు మేలు చేసి, అవసరం తీరాక మాట మార్చారని రిపబ్లికన్‌ పక్షం వారు ఆ సంస్థను ఇప్పటికీ నిందిస్తారు. దురుద్దేశం ఉందో లేదో తేల్చడానికి నా దగ్గర సాధనం లేదు. కానీ పద్ధతిలో లోపం స్పష్టంగా కనిపిస్తోంది: 2008లో ఆ మాట ఇంకా రాయని చట్టం గురించిన వాగ్దానం. దాన్ని అప్పుడు నిజమనీ అబద్ధమనీ చెప్పడానికి ఎవరికీ ఆధారం లేదు. మన దగ్గర కూడా ఎన్నికల ప్రణాళికల్లోని హామీలను ఫ్యాక్ట్‌ చెక్‌ చేశామంటూ ముద్రలు వేయడం చూస్తున్నాం. హామీకి అయ్యే ఖర్చు ఎంత, బడ్జెట్‌లో కేటాయింపు ఎంత అన్నవి సరిచూడొచ్చు. హామీ నెరవేరుతుందో లేదో మాత్రం సరిచూసే విషయం కాదు. ఈ తేడాను పాటించే సంస్థ మీద నాకు గౌరవం పెరుగుతుంది.

పొలిటీఫ్యాక్ట్‌ పట్ల న్యాయంగా ఒక మాట కూడా చెప్పాలి. తన తీర్పులను తేదీలతో సహా అందుబాటులో ఉంచింది కనుకనే నేను ఈ విమర్శ చేయగలుగుతున్నాను. కరోనా విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. వైరస్‌ను ప్రయోగశాలలో తయారు చేశారన్న వాదనను 2020 సెప్టెంబరులో పొలిటీఫ్యాక్ట్‌ పచ్చి అబద్ధమని తోసిపుచ్చింది. 2021 మే నెలలో, నిపుణుల మధ్య ఆ విషయం మీద భిన్నాభిప్రాయాలు పెరిగాయని సంపాదకుల గమనిక రాసి, పాత కథనాన్ని చదవడానికి ఉంచుతూనే దాని తీర్పును తమ జాబితా నుంచి ఉపసంహరించుకుంది. దీన్ని చూపించి ఫ్యాక్ట్‌ చెక్‌ అంతా బూటకమనేవారు ఉన్నారు. నేను దీన్ని రెండు భాగాలుగా చూస్తాను. శాస్త్రవేత్తలే ఇంకా వెతుకుతున్న ప్రశ్నకు అంత గట్టి ముద్ర వేయడం మొదటి తప్పు. దాన్ని కారణంతో సహా బహిరంగంగా సవరించుకోవడం మాత్రం విశ్వసనీయతకు నిదర్శనమే. సవరణల పేజీ అసలే లేని సంస్థ, లేదా ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న సంస్థ నాకు ఎక్కువ అనుమానం కలిగిస్తుంది.

సవరణను నిరాకరించిన సందర్భాలూ ఉన్నాయి. 2021 నవంబరులో బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌, ఫైజర్‌ టీకా ప్రయోగాల్లో పాలుపంచుకున్న ఒక కాంట్రాక్టు సంస్థ పనితీరులోని లోపాల మీద పరిశోధనాత్మక కథనం ప్రచురించింది. ఫ్యాక్ట్‌ చెక్‌లో ఫేస్‌బుక్‌ భాగస్వామి అయిన లీడ్‌ స్టోరీస్‌ అనే సంస్థ ఆ కథనానికి “సందర్భం లోపించింది” అన్న ముద్ర వేసింది. దాన్ని పంచుకోబోయిన పాఠకులకు హెచ్చరికలు వచ్చాయి. తమ కథనంలో వాస్తవం తప్పిన వాక్యం ఒక్కటి కూడా చూపలేదని ఆ జర్నల్‌ సంపాదకులు ఫేస్‌బుక్‌ అధినేత మార్క్‌ జుకర్‌బర్గ్‌కు బహిరంగ లేఖ రాశారు. లీడ్‌ స్టోరీస్‌ తన నిర్ణయం మీదే నిలబడింది. “సందర్భం లోపించింది” అన్న ముద్ర చాలా ప్రమాదకరమైనదని నా అభిప్రాయం, ఎందుకంటే దాన్ని ఏ వార్తకైనా తగిలించవచ్చు, ఏ ఆధారంతోనూ తిప్పికొట్టలేం. ఇక స్నోప్స్‌ది వేరే కథ. 1994 నుంచి పుకార్లను ఛేదిస్తున్న ఆ సంస్థ సహవ్యవస్థాపకుడు డేవిడ్‌ మికెల్సన్‌ డజన్ల కొద్దీ కథనాల్లో ఇతర వార్తాసంస్థల వాక్యాలను ఎత్తి రాసుకున్నారని 2021 ఆగస్టులో బజ్‌ఫీడ్‌ న్యూస్‌ బయటపెట్టింది. సంస్థ ఆయనను సంపాదకీయ బాధ్యతల నుంచి తప్పించి, ఆ విషయాన్ని తనే ప్రకటించింది.

ఇప్పుడు ధ్రువపత్రం గురించి. మీ రెండో పాఠకుడు చెప్పిన అంతర్జాతీయ గుర్తింపు, ఇంటర్నేషనల్‌ ఫ్యాక్ట్‌ చెకింగ్‌ నెట్‌వర్క్‌ ఇచ్చేది. అమెరికాలో ఫ్లోరిడాలోని పాయింటర్‌ ఇన్‌స్టిట్యూట్‌ అనే పాత్రికేయ శిక్షణ సంస్థ దీన్ని 2015లో ప్రారంభించింది. నిష్పాక్షికత, ఆధారాల విషయంలో పారదర్శకత, నిధుల విషయంలో పారదర్శకత, పని పద్ధతి వెల్లడి, నిజాయితీగా సవరణ అన్న ఐదు సూత్రాల నియమావళిని 2016లో తెచ్చింది. గుర్తింపు కోరిన సంస్థ పనిని బయటి పరిశీలకుడు పరీక్షించి నివేదిక ఇస్తారు, ఆ నివేదిక అందరికీ అందుబాటులో ఉంటుంది. హైదరాబాద్‌ నుంచి తెలుగులోనూ కథనాలిచ్చే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్‌ వంటి సంస్థలు ఈ పరీక్షకు నిలబడినవే. దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. మన వార్తా ఛానళ్లలో ఎన్నింటికి ఇలాంటి పరీక్ష ఉందో ఆలోచించండి. అయితే ధ్రువపత్రం కంటే ఆ నివేదిక విలువైనది. పరిశీలకుడు ఏ లోపాన్ని ఎత్తిచూపాడు, సంస్థ దాన్ని సరిదిద్దుకుందా అన్నది అందులో చదవొచ్చు. పాయింటర్‌ గురించి కూడా తెలుసుకోవలసినది ఉంది: 2018 నుంచి పొలిటీఫ్యాక్ట్‌ కూడా పాయింటర్‌ గూటిలోనే ఉంది. అంటే గుర్తింపునిచ్చే ఇంట్లోనే గుర్తింపు పొందే సంస్థ ఒకటి కాపురం ఉంది. బయటి పరిశీలకులను పెట్టుకున్నా, ఈ సంబంధాన్ని పాఠకుడు గుర్తుంచుకోవాలి.

నిధుల ప్రశ్న దీనితోనే ముడిపడి ఉంది. 2016 డిసెంబరులో ఫేస్‌బుక్‌ తన ఫ్యాక్ట్‌ చెక్‌ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఈ గుర్తింపును అర్హతగా పెట్టింది. అప్పటినుంచి ధ్రువపత్రం ఆదాయానికి కూడా దారి అయింది. 2025 జనవరి 7న మార్క్‌ జుకర్‌బర్గ్‌, ఫ్యాక్ట్‌ చెకర్లు రాజకీయంగా పక్షపాతంతో ఉన్నారని ఆరోపిస్తూ, అమెరికాలో ఆ కార్యక్రమాన్ని ఆపి వినియోగదారులే గమనికలు రాసే పద్ధతికి మారుతున్నట్టు ప్రకటించారు. ఒక్క కంపెనీ ఇచ్చే డబ్బు మీద ఆధారపడిన సంస్థల పరిస్థితి ఏమవుతుందో ఆ ఒక్క ప్రకటనతో తెలిసింది. భిన్నాభిప్రాయాలు గలవారు ఏకీభవిస్తేనే గమనిక కనిపించే ఆ కొత్త పద్ధతిలో నాకు నచ్చిన అంశం ఉంది. కానీ తెలుగులో అది పనిచేయాలంటే, తెలుగు పోస్టులను చదివి రేటింగ్‌ ఇచ్చే అన్ని పక్షాల వారూ చాలినంత మంది ఉండాలి, పుకారు ఊళ్లో పాకేలోపే వారు ఒక మాట మీదికి రావాలి. 2018 నాటి అనుభవం తర్వాత ఆ వేగాన్ని నేను నమ్మలేను.

అన్నింటికంటే ఎక్కువగా నన్ను కలవరపెట్టే విషయం ప్రభుత్వాలు, పార్టీలు ఈ పేరును సొంతం చేసుకోవడం. కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగమైన ప్రెస్‌ ఇన్ఫర్మేషన్‌ బ్యూరో (పీఐబీ) 2019 నవంబరులో ఫ్యాక్ట్‌ చెక్‌ విభాగాన్ని ప్రారంభించింది. తెలంగాణ ప్రభుత్వం 2020లో, ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం 2021లో ఇలాంటి వేదికలే తెచ్చాయి. నకిలీ ఉద్యోగ ప్రకటనలు, లేని పథకాల పేరుతో వచ్చే లింకుల గురించి జనాన్ని హెచ్చరించడంలో ఇవి ఉపయోగపడుతున్నాయి, అది కాదనను. అయితే తన గురించి వచ్చిన వార్తను ప్రభుత్వం ఖండించడానికి వివరణ అని పేరు పెడితే సరిపోతుంది. దానికి ఫ్యాక్ట్‌ చెక్‌ అని పేరు పెట్టి, ఆధారాలు ఇవ్వకుండా ఎర్ర అక్షరాలతో “ఫేక్‌” అని ముద్ర కొడితే, వాది తానే అయిన కేసులో తీర్పు కూడా తానే చెప్పుకున్నట్టవుతుంది. 2020 డిసెంబరులో ఇంటెలిజెన్స్‌ బ్యూరో ఉద్యోగ నియామక ప్రకటనను పీఐబీ విభాగం నకిలీదని ప్రకటించగా, తర్వాత అది నిజమైన ప్రకటనేనని తేలింది. సొంత ప్రభుత్వ ప్రకటన విషయంలోనే పొరబడగలిగిన విభాగం, విమర్శకుల రాతల మీద అంతిమ తీర్పరి కావడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

కానీ 2023 ఏప్రిల్‌లో ఐటీ నిబంధనల సవరణ ద్వారా సరిగ్గా ఆ అధికారాన్నే ఇవ్వబోయారు. కేంద్ర ప్రభుత్వ వ్యవహారాలకు సంబంధించిన ఏ సమాచారాన్నైనా ప్రభుత్వ ఫ్యాక్ట్‌ చెక్‌ విభాగం తప్పు అంటే, దాన్ని కొనసాగించిన సామాజిక మాధ్యమ వేదిక, వినియోగదారుల పోస్టులకు తనను బాధ్యురాలిని చేయకుండా కాపాడే చట్టబద్ధ రక్షణను కోల్పోయే పరిస్థితి వచ్చింది. హాస్య కళాకారుడు కునాల్‌ కామ్రా, పత్రికా సంపాదకుల సంఘమైన ఎడిటర్స్‌ గిల్డ్‌ తదితరులు బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. 2024 జనవరి 31న ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులిచ్చారు. మార్చి 20న కేంద్రం పీఐబీ విభాగాన్ని నోటిఫై చేసింది, మరుసటి రోజే సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. మూడో న్యాయమూర్తిగా విన్న జస్టిస్‌ ఏఎస్‌ చందూర్కర్‌ సెప్టెంబరు 20న ఆ నిబంధన రాజ్యాంగంలోని 14, 19 అధికరణాలకు విరుద్ధమని తేల్చారు. అప్పట్లో మీ పత్రికతో సహా ఎన్ని పత్రికలు దీన్ని మొదటి పేజీలో రాశాయో గుర్తులేదు. రాయవలసిన వార్త అది. పార్టీల విషయానికొస్తే, 2019 నవంబరు 19న బ్రిటన్‌లో ప్రధాని అభ్యర్థుల టీవీ చర్చ జరుగుతుండగా కన్సర్వేటివ్‌ పార్టీ తన ప్రెస్‌ కార్యాలయ ట్విటర్‌ ఖాతా పేరును “ఫ్యాక్ట్‌చెక్‌యూకే” అని మార్చి ప్రచారం సాగించింది. ఫుల్‌ ఫ్యాక్ట్‌ అనే స్వతంత్ర సంస్థ దాన్ని తప్పుదోవ పట్టించే పనిగా ఖండించింది, ట్విటర్‌ హెచ్చరించింది. ఎన్నికల సమయంలో మన రాష్ట్రాల్లోనూ ఈ పేరుతో తిరిగే ఖాతాల వెనుక ఎవరున్నారో అడిగి తెలుసుకోవాల్సిన అవసరం ఉంది.

ఆల్ట్‌ న్యూస్‌ ప్రస్తావన లేకుండా మన దేశంలో ఈ చర్చ ముగియదు. 2017లో ప్రతీక్‌ సిన్హా, మొహమ్మద్‌ జుబైర్‌ ప్రారంభించిన ఈ ఫ్యాక్ట్‌ చెక్‌ సంస్థను కొందరు నెత్తిన పెట్టుకుంటారు, మరికొందరు పేరు వింటేనే మండిపడతారు. 2018 నాటి ఒక ట్వీట్‌ మీద 2022 జూన్‌ 27న ఢిల్లీ పోలీసులు జుబైర్‌ను అరెస్టు చేశారు, ఆయన మీద ఉత్తరప్రదేశ్‌లో ఉన్న వేరే కేసుల్లో జూలై 20న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చింది. ఆ అరెస్టును నేను సమర్థించను. అయితే అరెస్టు కావడం వల్ల ఒక సంస్థ కథనాలు నిజమైపోవు, వ్యవస్థాపకుల వ్యక్తిగత ట్వీట్లు పదునుగా ఉండటం వల్ల అబద్ధమైపోవు. ఆ సంస్థ ఎంపికలో ఒక వైపు మొగ్గు ఉందన్న విమర్శ చర్చించదగినదే. దానికి తగిన పద్ధతి, మొగ్గు ఉందన్నవారు ఆ సంస్థ వదిలేసిన ముఖ్యమైన అబద్ధాలను తేదీలతో చూపడం. తీర్పు తప్పన్నవారు ఫలానా కథనంలో ఫలానా ఆధారం చెల్లదని చూపడం. ఈ రెండు విమర్శలనూ కలిపేసి, “వాళ్లు పక్షపాతులు కాబట్టి ఆ వీడియో నిజమే” అనడం తర్కం కాదు. మొగ్గు ఉన్న సంస్థ చూపిన పాత తేదీ కూడా పాత తేదీయే.

చివరిగా మీకు విన్నపం. మీ పత్రికలోనూ వారం వారం ఫ్యాక్ట్‌ చెక్‌ శీర్షిక వస్తోంది. పరిశీలనాంశాలను ఎవరు, ఏ ప్రాతిపదికన ఎంపిక చేస్తున్నారో ఆ శీర్షిక కింద నాలుగు వాక్యాల్లో ప్రచురించండి. ప్రతి కథనానికీ అసలు పోస్టు ఆర్కైవ్‌ లింకును, మూల ఆధారాన్ని చూడటానికి వీలుగా క్యూఆర్‌ కోడ్‌ ఇవ్వండి. పాఠకుల నుంచి వచ్చి, మీరు తీసుకోలేకపోయిన వినతుల సంఖ్యను, కారణాలను మూడు నెలలకొకసారి వెల్లడించండి. తప్పు దొర్లినప్పుడు సవరణను లోపలి పేజీ మూలలో కాకుండా, అదే శీర్షికలో, అదే సైజు అక్షరాలతో వేయండి. ప్రభుత్వ విభాగం ఇచ్చిన “ఫేక్‌” ముద్రను వార్తగా వేసేటప్పుడు అది ప్రభుత్వ వాదన అని రాసి, మీ విలేకరి స్వయంగా సరిచూశాడో లేదో స్పష్టం చేయండి. ఈ వివరాలు అచ్చులో కనిపించిన రోజు నుంచి, మీ శీర్షికలోని కథనాలను ఒక్కొక్కటిగా తిరిగి సరిచూసి, నాకు కనిపించిన లోపాలను ఆధారాలతో సహా మీకు రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం